తుక్కు వేలానికి ముందు కొలతలు తీసుకోనివ్వండి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి,

నమస్కారం. మా ఊరికి కొత్త రైలు వేయమనో, ఉన్న రైలుకు హాల్టు ఇవ్వమనో రాస్తున్న అర్జీ కాదిది. అలాంటివి మీకు రోజూ సంచుల కొద్దీ వస్తుంటాయి. నేను విశాఖపట్నం వాణ్ణి. మన రైలింజన్లకు నమూనాలు చేయడం నా వ్యాపకం. ఇంట్లో దీన్ని రైలుబొమ్మల పిచ్చి అంటారు, నేను కాదనను. ప్రయోగం కోసం తెచ్చి, ఆ ముచ్చట తీరాక అందరూ మరిచిపోయిన ఇంజన్ల గురించి మీతో రెండు మాటలు చెప్పుకోవాలని ఈ లేఖ.

మా ఊరి సంగతితోనే మొదలుపెడతాను. 1988 ప్రాంతంలో విశాఖ షెడ్డుకు 18 విదేశీ కరెంటు ఇంజన్లు వచ్చాయి. ఆరు స్వీడన్‌లోని అసియా కంపెనీవి, పన్నెండు జపాన్ హిటాచీవి. వాగ్-6ఏ, 6బీ, 6సీ అని మూడు తరగతులు. అప్పటిదాకా మన కరెంటు ఇంజన్లలో ట్యాప్ చేంజర్‌తో ఒక్కో మెట్టూ వోల్టేజీ పెంచుకుంటూ పోవాలి. మెట్టు మారినప్పుడల్లా లాగుడు శక్తి ఒక్కసారిగా ఎగసి, బరువైన బండిని లాగే ఇంజన్ చక్రాలు జారే ప్రమాదం ఉండేది. థైరిస్టర్లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో నడిచే ఈ ఇంజన్లలో ఆ మెట్లు లేవు. ఒక్కోటి 6,000 హార్స్‌పవర్ పైమాటే. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించే కొత్తవలస–కిరండోల్ ఘాట్ లైనులో పడితే ఏ ఇంజన్ సత్తా ఏమిటో దానంతటదే తేలిపోతుంది.

నాకు మరీ ఇష్టమైనది హిటాచీ జోడీ. 6బీ, 6సీ రెండూ ఒకే కంపెనీవి, చాలావరకు ఒకటే యంత్రం. కానీ 6బీ కింద రెండేసి ఇరుసులున్న మూడు ట్రక్కులు (చక్రాలను పట్టి ఉంచే, వంపుల్లో తిరిగే చట్రాలు) ఉంటే, 6సీ కింద మూడేసి ఇరుసులున్న రెండు ట్రక్కులు. ఇరుసులు రెంటికీ ఆరే, అమరిక వేరు. అనంతగిరి కొండల్లో వంపు మీద వంపు తిరిగే లైనులో ఏ అమరిక పట్టాను తక్కువ అరగదీస్తుందో, ఏది బరువును బాగా లాగుతుందో పక్కపక్కన పెట్టి చూసే అవకాశం అది. ప్రపంచంలో ఎన్ని రైల్వేలకు అలాంటి జోడీ చేతికొచ్చి ఉంటుంది?

తర్వాత కథ మీకు తెలియనిది కాదు. 1990ల్లో మన రైల్వే థైరిస్టర్ దశలో ఆగకుండా ఏసీ మోటార్లతో నడిచే ఏబీబీ కంపెనీ త్రీ ఫేజ్ ఇంజన్లకు దూకింది. వాప్-5, వాగ్-9 అలా వచ్చినవే. ఆ నిర్ణయం సరైనదేనని ఇవాళ ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ దానితో ఈ 18 ఇంజన్లకు ముందూ వెనకా ఎవరూ లేకుండా పోయారు. అయినా ఏళ్ల తరబడి ఖనిజం మోశాయి, ఒక్కొక్కటిగా పక్కన పడ్డాయి, చివరికి కండెమ్ అయ్యాయి, అంటే ఇక పనికిరావని లెక్కలోంచి తీసేశారు. హిటాచీ డిజైన్ మోటార్లు మాత్రం మన దగ్గర పాతుకుపోయాయి. వాప్-4లోనూ వాగ్-7లోనూ ఉన్నవి ఆ ఇంటివే.

ఇవి విఫలమైన ఇంజన్లు కావు. రైల్వే ఏ దారిలో వెళ్లాలో తేల్చుకుంటున్నప్పుడు రెండో దారిగా నిలబడినవి. మ్యూజియంలో పెట్టదగ్గవి మహారాజుల సెలూన్లూ ఆవిరి ఇంజన్లేనా?

ఇక నమూనాల విషయం. ఇది పిల్లలాట అనుకునేవాళ్లకు 6బీ చేసి చూడమని చెబుతాను. నేను 1:87 నిష్పత్తిలో చేస్తాను. 17.12 మీటర్ల డబ్ల్యూడీఎమ్-2 డీజిల్ ఇంజన్ ఆ లెక్కన నా బల్ల మీద 19.7 సెంటీమీటర్లు అవుతుంది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు కాబట్టి పట్టాల మధ్య ఎడం 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. బజార్లో దొరికే పట్టా విదేశాల స్టాండర్డ్ గేజ్‌కు చేసినది, 16.5 మిల్లీమీటర్లే. అందుకే మా ఇంజన్లన్నీ కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడినట్టుంటాయి. దాంతో రాజీపడిపోయాం. మూడు ట్రక్కుల ఇంజన్‌తో రాజీ కుదరదు. వంపులో రెండు చివరి ట్రక్కులూ పట్టాను పట్టుకుని ఉంటే మధ్యది పక్కకు జరగాలి. 45 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న నా వంపులో ఆ జరుగుబాటు ఆరేడు మిల్లీమీటర్లు. దానికి చోటు వదలకపోతే ఇంజన్ పట్టా దిగుతుంది. అసలు ఇంజన్‌లో ఈ జరుగుబాటును ఎలా సర్దారు, ఏ స్ప్రింగు పెట్టారు, ఎక్కడ ఆపారు అన్నది ఫొటోలో కనబడేది కాదు. దానికి డ్రాయింగు కావాలి.

డ్రాయింగు దొరకదు. ఫొటోలో తెలిసిన ఒక కొలతను స్కేలుగా పెట్టుకుని మిగతావి లెక్కగడతాం, పక్క గోడకు ఎన్ని లూవర్లు (గాలి ఆడే రెక్కల సందులు) ఉన్నాయో భూతద్దంతో లెక్కపెడతాం. పైకప్పు మీద ఏముందో తెలియాలంటే ఫుట్ ఓవర్‌బ్రిడ్జి మీంచి తీసిన ఫొటో ఎవరి దగ్గరైనా ఉండాలి. ఒకచోట ఇలాంటి పాత ఇంజన్ డ్రాయింగులు రెండు అడిగితే భద్రతా కారణాల వల్ల ఇవ్వలేమన్నారు. నడవని ఇంజన్‌కు, పైగా కోసి అమ్మేసిన ఇంజన్‌కు, భద్రత ఎవరి నుంచో నాకిప్పటికీ బోధపడలేదు.

బ్రిటన్‌లో ఏం చేశారో చూడండి. 1972లో బ్రిటిష్ రైల్ పరిశోధకులు ఏపీటీ-ఈ అనే ప్రయోగ రైలును పట్టాల మీదికి తెచ్చారు. గ్యాస్ టర్బైన్లతో నడుస్తుంది, వంపుల్లో ఒరుగుతుంది. డ్రైవర్ సీటు ఒక్కటే పెట్టారని యూనియన్ వాళ్లు అభ్యంతరం చెప్పడంతో మొదటి ప్రయాణం తర్వాత దాదాపు ఏడాది మూలన పడింది. తర్వాత 1975 ఆగస్టు 10న గంటకు 245 కిలోమీటర్ల వేగం అందుకుంది. మరుసటి ఏడాదే దాని పని అయిపోయింది. టికెట్ కొన్న ప్రయాణికుడు ఒక్కడూ దానిలో ఎక్కలేదు. దాని అడుగుజాడల్లో వచ్చిన కరెంటు రైలు 1981 చలికాలంలో నవ్వులపాలైంది. మామూలుగా అయితే గ్యాస్ కట్టర్‌కు ఇంతకంటే సాకు అక్కర్లేదు. వాళ్లు మాత్రం 1976లో దాన్ని నేరుగా యార్క్ మ్యూజియానికి నడిపించుకుని వెళ్లారు. ఇప్పుడది షిల్డన్‌లో ఉంది, స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని చూసుకుంటారు. కెనడాకు చెందిన రాపిడో ట్రైన్స్ కంపెనీ మ్యూజియంతో కలిసి, రైలును లేజర్‌తో స్కాన్ చేసి నమూనా తెచ్చింది. ఒక్క ప్రయాణికుణ్ణీ మోయని రైలు ఇవాళ వేల ఇళ్లలో బల్లల మీద తిరుగుతోంది.

మన దగ్గర ఇలాంటిది జరగలేదని అనను. పటియాలా సంస్థానంలో 1907లో ఒంటి పట్టా రైలు వేశారు. బరువు దాదాపుగా ఆ ఒక్క పట్టా మీదే ఉంటుంది, పడిపోకుండా పక్కన రోడ్డు మీద ఒక పెద్ద చక్రం దొర్లుతుంది. 1927లో మూతపడింది. 1962లో మైక్ సాటో అనే ఇంగ్లీషు ఆయన పటియాలా పీడబ్ల్యూడీ తుక్కు యార్డులో దాని అవశేషాలు కనిపెట్టకపోయి ఉంటే ఇవాళ ఢిల్లీలోని జాతీయ రైల్ మ్యూజియంలో అది ఉండేది కాదు. అమృత్‌సర్ వర్క్‌షాప్‌లో మనవాళ్లు ఒక ఇంజన్‌ను మళ్లీ నడిచేలా చేశారు. ఎంత గొప్ప పని! కానీ ముప్పై అయిదేళ్లు తుక్కులో పడి ఉన్నది దొరకడం అదృష్టం. ఈ-వేలం వచ్చాక అలాంటి అదృష్టానికి ఆస్కారం లేదు. వేలంలో అమ్ముడైన ఇంజన్ ముప్పై అయిదేళ్లు ఎదురుచూడదు.

ఆ అదృష్టం స్కైబస్‌కు పట్టలేదు. కొంకణ్ రైల్వే మేనేజింగ్ డైరెక్టర్‌గా బొజ్జి రాజారాం గారు గోవాలోని మడ్గావ్‌లో నిలబెట్టిన ప్రయోగమది. పైన ఉన్న పట్టాలకు వేలాడుతూ నడిచే బోగీ. 2004 సెప్టెంబరులో ట్రయల్‌లో ప్రమాదం జరిగి ఒక ఉద్యోగి చనిపోయాడు. దాంతో ఆ ప్రయత్నం కుంటుపడింది. 2013లో దాన్ని విప్పేసి తుక్కు చేయాలని నిర్ణయించారు. స్కైబస్ మంచిదా కాదా అన్న చర్చలోకి నేను పోను. ప్రాణం పోయిన ప్రయోగం కాబట్టే దాని బోగీని, వేలాడే ఏర్పాటును, విచారణ కాగితాలను భద్రంగా ఉంచాలన్నది నా వాదన. రేపు మరో కుర్ర ఇంజనీరు అదే ఆలోచనతో వస్తే అతనికి చూపించడానికి ఏదో ఒకటి ఉండొద్దూ?

దాచడం అంటే స్టేషన్ ముందు దిమ్మె కట్టి దాని మీద ఇంజన్ నిలబెట్టడం కాదని కూడా చెప్పాలి. మా తీరంలో ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్లుంటుందో మీ సిబ్బందికే బాగా తెలుసు. పెద్దవాళ్లు వస్తున్నారంటే చాలు, తుప్పు మీదే ఒక చేయి ఎనామిల్ పూస్తారు. ఆ రంగు ఆ ఇంజన్ బతికుండగా ఎన్నడూ వేసుకున్నది కాదు. కింద ఉన్న అసలు రంగు, నంబరు రాసిన అక్షరాల వరస, షెడ్డు గుర్తు అన్నీ పోతాయి. నన్నడిగితే, దిమ్మె మీద పది ఇంజన్ల కంటే కప్పు కింద ఒక్క ఇంజన్ నయం.

అందుకే అడుగుతున్నాను. ఏ తరగతిలోనైనా చివరి ఇంజన్లు కండెమ్ అయినప్పుడు ఈ-వేలం ప్రకటనకు ముందు రైల్వే బోర్డు హెరిటేజ్ విభాగం సంతకం తప్పనిసరి చేయండి. ఒకదాన్ని పూర్తిగా ఉంచగలిగితే ఉంచండి. కుదరకపోతే ఒక క్యాబ్, ఒక ట్రక్కు, కంట్రోల్ క్యూబికల్ అయినా ఉంచండి. అదీ వీలుకాకపోతే గ్యాస్ కట్టర్ పెట్టే ముందు ఒక్క రోజు లేజర్ స్కాన్ చేయించండి. దానికయ్యే ఖర్చు తుక్కు మీద వచ్చే డబ్బు ముందు ఒక లెక్కా? లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓలోనూ చిత్తరంజన్ ఇంజన్ల కర్మాగారంలోనూ ఉన్న, ఇప్పుడు నడవని తరగతుల డ్రాయింగులను అందరికీ అందుబాటులో పెట్టండి. మా బోటి వాళ్లమే కాదు, ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలూ చూస్తారు.

వాగ్-6ల విషయంలో ఇంకో మాట. ఆ 18 నంబర్లలో ఏది ఎప్పుడు కండెమ్ అయింది, ఎక్కడికి వెళ్లింది, దేనిలోంచి ఏం మిగిలింది అన్న జాబితా ప్రకటించండి. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. కొత్త భవనాల ప్లాన్లలో కప్పు ఉన్న ఒక షెడ్డుకు చోటు వేయించడం మీకు చిన్న పని. వాటిని నడిపిన లోకో పైలట్లు, మరమ్మతు చేసిన ఫిట్టర్లు చాలామంది రిటైరై ఇక్కడే ఉన్నారు. ఆ ఇంజన్ గొంతు ఎలా ఉండేది, వానలో అనంతగిరి ఘాట్‌లో ఎలా పట్టు ఇచ్చేది అన్నది ఏ మాన్యువల్‌లోనూ లేదు. వాళ్లను కూర్చోబెట్టి రికార్డు చేయించండి. అందరూ పెద్ద వయసువాళ్లే.

ఇదంతా పాత కాలపు గొడవ అనుకోకండి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ పరీక్షలో మీరు స్వయంగా ఇంజన్‌లో కూర్చున్నారు. ఎదుటి ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలో అది దానంతటదే ఆగింది. ఆ రోజు క్యాబ్‌లో ఉన్న పరికరాల రూపం కొత్త వెర్షన్లతో మారిపోతుంది. పాతవి స్టోర్స్‌కు, అక్కడి నుంచి వేలానికి పోతాయి. అవి ఎక్కడున్నాయో ఇప్పుడే కనుక్కుని, కాచిగూడ స్టేషన్‌లో ఉన్న చిన్న మ్యూజియానికి ఇప్పించండి. అలాగే చెన్నైలోని బోగీల కర్మాగారం ఐసీఎఫ్ 2018 అక్టోబరులో బయటికి తెచ్చిన ట్రైన్ 18 తొలి రైలు, ట్రయల్‌లో గంటకు 180 కిలోమీటర్లు అందుకున్నది, వందే భారత్‌ల వరసలో మొదటిది. దాని డ్రైవింగ్ కోచ్‌ను రిటైర్ అయ్యాక వేలానికి పంపకూడదని ఇప్పుడే ఒక ఫైలు మీద రాయించండి. రిటైరయ్యే నాటికి మీరూ నేనూ ఈ విషయం పట్టించుకునే స్థితిలో ఉండకపోవచ్చు, ఫైలు ఉంటుంది.

ఇట్లు,
రైలు నమూనాలు చేసుకునే ఒక విశాఖవాసి