ప్రమోటర్లకూ కుర్చీ వేయించండి

సూపర్ మార్కెట్లలో కంపెనీల తరఫున సరుకు రుచి చూపించి అమ్మే ప్రమోటర్లను పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబెట్టే ఉంచుతున్నారు. డిగ్రీ అయ్యాక కూకట్‌పల్లిలోని ఒక షాపులో ఎనిమిది నెలలు నేనూ టీ పొడి అమ్మాను. చిన్న పేపర్ కప్పుల్లో టీ పోసివ్వడం, ప్యాకెట్ తీసుకోమని అడగడం, ఇంతే పని. కానీ జనం లేని మధ్యాహ్నం వేళ కూడా ర్యాక్‌కి కాస్త ఆనుకుంటే ఫ్లోర్ మేనేజర్ కేకలేసేవాడు. సాయంత్రానికి కాళ్లు వాచి, పొద్దున వదులుగా ఉన్న చెప్పులే బిగుసుకునేవి. జీతం సంగతి ఇంకా విచిత్రం. షాపు వాళ్లు ‘నువ్వు మా మనిషివి కాదు’ అంటారు, కంపెనీ ఏమో మమ్మల్ని పంపిన ఏజెన్సీని అడగమంటుంది, ఏజెన్సీ ఫోన్ ఎత్తదు. దసరా నెలలో టార్గెట్ దాటితే ఇన్సెంటివ్ రాలేదు, వానల నెలలో తప్పితే మాత్రం కోత ఠంచనుగా పడింది. చేతిలో అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, ఇక ఎవరిని నిలదీస్తాం? కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలను సవరించి, పనివాళ్లు కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేశాయి. మన దగ్గరా ప్రతి షాపులో అది కనిపించాలి, ఏజెన్సీ పంపినవాళ్లకూ వర్తించాలి. జీతం ఎవరిస్తారు, ఏ తేదీన ఇస్తారు, టార్గెట్ తప్పితే ఏమిటి అన్నది పనిలో చేరిన రోజే కాగితం మీద రాసివ్వాలి. కార్మిక శాఖ అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు షాపు రిజిస్టర్‌తో సరిపెట్టకుండా, ఆ స్టాల్ దగ్గర నిలబడ్డ అమ్మాయినీ నాలుగు మాటలు అడగాలి.

– ఒక మాజీ ప్రమోటర్, హైదరాబాద్