చీటీలో లేని డబ్బాలు

సంపాదకులకు నమస్కారం.

నేను తణుకులో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. ఈమధ్య షుగర్ ఉన్నవాళ్లు డాక్టరు రాసిన చీటీతోపాటు ఫోన్‌లో అమైనో యాసిడ్ల డబ్బా ఫొటో కూడా చూపిస్తున్నారు. ప్రొటీన్ అరిగితే వచ్చేవే ఈ అమైనో యాసిడ్లు. ‘అరికాళ్ల మంటలు తగ్గుతాయట, షుగర్ కూడా దిగుతుందట, ఉందా అండీ?’ అని అడుగుతారు. ఉంటుంది. మాత్రల మీద కంటే వాటి మీద మాకు మిగిలేదీ ఎక్కువే. పదికి ఒకటి ఫ్రీ అంటూ కంపెనీ కుర్రాళ్లు షాపు చుట్టూ తిరుగుతూనే ఉంటారు. అందుకే ఈ సంగతి అమ్మేవాడే చెబితే బాగుంటుందనిపించింది.

పరిశోధనలన్నీ ఉత్తవని అనను. అన్నానికి ముందు కాస్త ప్రొటీన్ పడితే, తిన్నాక పెరిగే షుగర్ కొంత తగ్గుతుంది. దానికి డబ్బా అక్కర్లేదు, గుడ్డో పెసలో చాలు. ఇక డబ్బా మీద గొప్పగా వేసే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ సంగతి వినండి. రక్తంలో ఈ మూడూ, ఇంకో రెండు అమైనో యాసిడ్లూ ఎక్కువగా ఉన్నవాళ్లకు తర్వాతి 12 ఏళ్లలో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 2011లో చెప్పింది. జబ్బుకు అవే కారణమని దీన్నిబట్టి అనలేం. కానీ వాటినే షుగర్‌కు మంచివని అమ్మడం ఏం న్యాయం?

అర్జినైన్ అనే ఇంకో అమైనో యాసిడ్ విషయంలో నాకు భయమే. గర్భిణులకు రాసే ఆ సాచెట్లను ‘రక్తప్రసరణకు మంచిదట’ అంటూ స్టెంట్ వేయించుకున్న పెద్దవాళ్లు కూడా అడుగుతున్నారు. గుండెపోటు వచ్చినవాళ్లకు దీన్ని రోజుకు 9 గ్రాముల చొప్పున ఇచ్చి చూసిన అమెరికా పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. అర్జినైన్ తీసుకున్నవాళ్లలో ఆరుగురు చనిపోయారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో ఒక్కరూ పోలేదు. దాంతో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు.

మొన్న వరికోత మిషన్ నడిపే ఒకాయన తిమ్మిర్లకని పెద్ద డబ్బా అడిగారు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్లుగా వేసుకుంటున్నారు. బీ12 విటమిన్ పరీక్ష ఎప్పుడైనా చేయించారా అంటే ‘అదేంటండీ?’ అన్నారు. ఆ మాత్ర చాలాకాలం వాడితే బీ12 తగ్గవచ్చు. అది తగ్గినా కాళ్లు తిమ్మిరెక్కుతాయి. చేతిలో ఉన్న రిపోర్టు తిరగేస్తే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9, ఉండాల్సినదానికంటే ఎక్కువ. కిడ్నీలు అలా ఉన్న మనిషికి ప్రొటీన్ ఎంతన్నది డాక్టరు చెప్పాలి గానీ ఫోన్‌లో ఫొటో కాదు. డబ్బా ఇవ్వలేదు, బీ12 పరీక్ష గురించి డాక్టరును అడగమని చీటీ వెనకాల రాసిచ్చాను. పక్క షాపులో కొనుక్కున్నారేమో మరి.

హెల్త్ సప్లిమెంట్ల మీద ‘మందుగా వాడటానికి కాదు’ అని ముద్రించాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన. ముద్రిస్తున్నారు, ఇంగ్లిషులో, చీమ తలకాయంత అక్షరాలతో. మా దగ్గర అమ్మేవాటి మీద అది తెలుగులో, పెద్దగా ఉండాలి. షుగర్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. పత్రికలవాళ్లు కూడా అలాంటి ప్రకటన తీసుకునే ముందు ఒక డబ్బా తెప్పించుకుని లేబుల్ చదవాలని మనవి.

— ఒక ఫార్మసిస్టు, తణుకు