బీచ్ రోడ్డు రేసుకు ముందు బుద్ధ్ లెక్కలు చూడండి

అయ్యా,

బీచ్ రోడ్డు మీద ఫార్ములా కార్లు పరుగెడితే ఎలా ఉంటుందన్న మాట విశాఖ కుర్రకారు నోట తరచూ వినబడుతోంది. కురుసుర జలాంతర్గామి పక్కనుంచి కార్లు దూసుకుపోతుంటే టీవీలో కన్నులపండువే, కాదనం. కానీ ఆ సరదా ఒప్పందం దాకా వెళ్లేలోగా మన దేశంలో జరిగిన ఫార్ములా వన్ రేసు, ఇండియన్ గ్రాండ్ ప్రి, మూడేళ్లకే ఎందుకు మూతపడిందో తెలుసుకోవడం మంచిది. ‘మనవాళ్లకు క్రికెట్ తప్ప ఏదీ పట్టదు, అందుకే పోయింది’ అని చాలామంది తేల్చేస్తుంటారు. మొదటి ఏడాది తర్వాత జనం పలచబడిన మాట నిజమే గానీ, రేసు ఆగింది అందుకు కాదు.

ఆ రేసు జరిగిన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ పొడవు 5.125 కిలోమీటర్లు. మలుపులు 16, రేసుకు 60 చుట్లు. డిజైన్ జర్మనీకి చెందిన హెర్మన్ టిల్కేది. తొలి రేసు 2011 అక్టోబరు 30న జరిగింది. 2011, 2012, 2013 మూడేళ్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. మూడోసారి గెలుపుతో నాలుగో ప్రపంచ టైటిల్ కూడా అక్కడే ఖాయం చేసుకున్నాడు. తొలి ఏడాది ట్రాక్ మీద దుమ్ము పేరుకుంది, ప్రాక్టీసు మధ్యలో ఒక వీధి కుక్క దూరింది. చీపురుతోనూ కంచెతోనూ తీరిపోయే ఇబ్బందులవి. తీరనివన్నీ ఫైళ్లలో ఉన్నాయి.

రేసును కేంద్రం క్రీడగా కాక వినోదంగా చూసింది. దాంతో కస్టమ్స్ మినహాయింపు దొరకలేదు. వినోదపు పన్ను వివాదం సుప్రీంకోర్టుకు చేరితే, టికెట్ల సొమ్ములో నాలుగో వంతు విడిగా ఖాతాలో పెట్టమని కోర్టు చెప్పింది. ఆపైన ఆదాయపు పన్ను. నిర్వాహకులు ఫార్ములా వన్ సంస్థకు చెల్లించాల్సిన ఫీజు 4 కోట్ల డాలర్లు. ఆ డబ్బు మీద మన దేశంలో పన్ను కట్టాలా వద్దా అన్న పేచీ 2017 ఏప్రిల్‌లో గానీ తేలలేదు. రేసు జరిగేది మూడు రోజులే అయినా ఆ సర్క్యూట్ విదేశీ సంస్థకు ఇక్కడి స్థిర కార్యస్థానమే అవుతుందని, కాబట్టి ఇక్కడ పన్ను కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు తీర్పు. అంటే రేసు ఆగిన మూడున్నరేళ్లకు లెక్క తేలిందన్నమాట! వినోదపు పన్ను అదే ఏడాది జీఎస్టీలో కలిసింది గానీ ఈ తీర్పు అలాగే ఉంది. రేపు విశాఖకు వచ్చే ఏ విదేశీ సంస్థ అయినా ముందు దీన్నే చదువుతుంది.

రెండో పాఠం మన తెలుగు నేలదే. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ శివారు గోపనపల్లిలో ఫార్ములా వన్ ట్రాక్ అనుకున్నారు. 2004లో ప్రభుత్వం మారింది, ట్రాక్ కాగితం దాటలేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై ఎలక్ట్రిక్ కార్ల ‘ఫార్ములా ఈ’ రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ డిసెంబరులో ప్రభుత్వం మారింది, మరుసటి రేసు రద్దయింది, వ్యవహారం కేసులదాకా పోయింది. ఎన్నికల గడువు దాటి బతకలేని ఒప్పందం మనకెందుకు?

ఇక రోడ్డు సంగతి. వీధి రేసులో అసలు ప్రమాదం రోడ్డులోని మ్యాన్‌హోల్, వాల్వు మూతలది. 2023లో లాస్ వెగాస్‌లో తొలి ప్రాక్టీసు ఎనిమిది నిమిషాలకే ఆగిపోయింది. ఒక నీటి వాల్వు మూత చుట్టూ ఉన్న కాంక్రీటు పట్టు వదిలేసి, డ్రైవర్ కార్లోస్ సైన్జ్ ఫెరారీ కారు అడుగుభాగం ఛిద్రమైంది. కారు నేలకు అతుక్కుపోయేలా అడుగున గాలి పీడనం పడిపోతుంది. ఆ లాగుడుకు వదులుగా ఉన్న మూత లేచి వస్తుంది. అక్కడ రాత్రికి రాత్రి గుంతలన్నీ ఇసుకతో నింపి పైన తారు వేశారు. 2019లో అజర్‌బైజాన్‌లోని బాకూలోనూ ఇదే గొడవ. మన బీచ్ రోడ్డులో డ్రైనేజీ, కేబుల్, నీటి మూతలు ఎన్నున్నాయో ముందు లెక్కపెట్టాలి. పైపైన వెల్డింగ్ చేస్తే చాలదు, చట్రం కింది కాంక్రీటునూ చూడాలి. ఉప్పుగాలి ఇనుప చట్రాన్ని ఏం చేస్తుందో ఈ ఊరివాళ్లకు వేరే చెప్పాలా?

తర్వాత గోడలు. 3 కిలోమీటర్ల ట్రాక్‌కు రెండు వైపులా 4 మీటర్ల కాంక్రీటు దిమ్మెలు పేర్చితే 1500 కావాలి, ఒక్కోటి మూడు నాలుగు టన్నులు. వాటి మీద ఇనుప వల. ఇవన్నీ దించి, పేర్చి, మళ్లీ ఎత్తేదాకా రోడ్డు మూసెయ్యాలి. కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్లే అంబులెన్సులకు దారేది? ఇసుక ఇంకో తలనొప్పి. గాలికి కొట్టుకొచ్చి కార్లు నడవని అంచుల్లో పరుచుకుంటుంది. ఓవర్‌టేక్ చేయబోయి పక్కకు వెళ్లిన టైరు జారుతుంది. కాబట్టి ప్రతి సెషన్‌కు ముందు ఊడ్చాలి. తేదీ కూడా చూసుకోవాలి. చెన్నై వీధి రేసు 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వాయిదా పడి 2024 ఆగస్టు చివర్లో జరిగింది. హుద్‌హుద్ చూసిన ఊరు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రేసు మాట ఎత్తకూడదు.

చెన్నై ముందు రేసులు కొన్న ఊరు కాదు, ట్రాక్ కట్టుకున్న ఊరు. సోలవరంలోని యుద్ధకాలపు పాత రన్‌వే మీద దశాబ్దాలు పోటీలు నడిపి, తర్వాత ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వేసుకుంది. మన దేశం నుంచి ఫార్ములా వన్‌కు వెళ్లిన ఇద్దరూ, నారాయణ్ కార్తికేయన్, కరుణ్ చందోక్, తమిళనాడు వాళ్లే కావడం కాకతాళీయమేం కాదు. మనకు అలాంటి పాత రన్‌వే లేదు. ఉన్న రన్‌వే నేవీది. అయినా కిలోమీటరు పొడవు, 8 మీటర్ల వెడల్పున్న కార్టింగ్ (చిన్న రేసు బళ్ల) ట్రాక్‌కు పది పదిహేను ఎకరాలు చాలు. అది ముందు వేయండి. ఆ తర్వాత ఏ రేసుకైనా సంతకం పెట్టేముందు ఫీజు ఎంత, పన్ను ఎవరు కడతారు, దిమ్మెలు ఎవరివి, రేసయ్యాక రోడ్డు బాగుచేయించేది ఎవరు అన్నవి నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కౌన్సిల్ ముందు పెట్టి, తెలుగులో ప్రచురించండి.

మోటారు రేసుల అభిమానులు,
సీతమ్మధార, విశాఖపట్నం