శంకర్ గారి రాజులు

అమ్ములూ,

నిన్న ఫోన్లో ఒకటే విసుక్కున్నావు, పిల్లల పుస్తకాలకి బొమ్మలేస్తున్నా, ఇది మూడో పుస్తకం అమ్మా, మళ్ళీ అదే కుందేలు అదే చొక్కా, ఇందుకేనా నేను పెయింటింగ్ చదివింది అని. అప్పుడు నాకేం తోచలేదు గానీ రాత్రి పడుకున్నాక చందమామ పత్రికలో బొమ్మలేసిన శంకర్ గారు గుర్తొచ్చారు. నీకు పేరు తెలీకపోవచ్చు, బొమ్మ మాత్రం తెలుసు, భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ పుర్రెలు, నడిచిపోతున్న విక్రమార్కుడు, ఆ బొమ్మ ఆయనదే.

తమిళాయన, అసలు పేరు కె.సి. శివశంకరన్, 1924లో పుట్టారు. మద్రాసు గవర్నమెంట్ ఆర్ట్స్ స్కూల్లో చదివారు, అప్పుడక్కడ ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ రాయ్ చౌధురి, మెరీనా బీచ్‌లో బండని కదిలిస్తున్న కూలీల విగ్రహం ఉంటుందే, అది చేసినాయన. అంతటి చోట చదివి ఈయన ఎగ్జిబిషన్ల వెంట పడలేదు, మొదట కలైమగళ్ అని తమిళ పత్రికలో, తర్వాత 1950ల మొదట్లో చందమామలో జీతానికి చేరారు, ఇక దాదాపు 60 ఏళ్ళు అక్కడే, పత్రిక మూతపడే దాకా!

అందరూ ఆ శవం బొమ్మ గురించే చెప్తారు. అది కథ పైన హెడ్డింగ్ బొమ్మ, నెలనెలా అదే పడేది. అసలు చాకిరీ అంతా లోపలి బొమ్మల్లోనే. బేతాళ కథలు పాత పుస్తకంలో ఉన్నవి 25, అవి అయిపోయినా చందమామ వాళ్ళు ఆపితేగా, రచయిత కొడవటిగంటి కుటుంబరావు గారు పత్రికని చూసుకున్న టైంలో వేరే కథలు తెచ్చి చివర ఓ చిక్కు ప్రశ్న తగిలించి బేతాళుడి నోట పెట్టేసేవాళ్ళు. అంటే శంకర్ గారికి నెల తిరిగేసరికి ఇంకో రాజు, ఇంకో మంత్రి, ఇంకో అడవి, ఇంకో ముసలమ్మ. పైగా ఆ ఒక్క బొమ్మే తెలుగులో, తమిళంలో, హిందీలో, అన్ని భాషల్లోనూ పడాలి, ఎక్కడి పిల్లలు చూసినా మా ఊళ్ళో రాజే అనుకోవాలి.

అమ్మమ్మ బైండు చేయించిన వాల్యూం ఒకటి పొద్దున్నే తీసి చూశా. కథలో ఒకే ఒక్క వాక్యంలో వచ్చిపోయే ఊరి వీధికి కూడా పెంకుటిళ్ళు, అరుగు మీద కూర్చున్న మనుషులు, ఆ మనుషుల్లో ఒకడు అసలు ఇటు చూడకుండా పక్కవాడితో కబుర్లు! ఆ కబుర్లు కథలో లేవు, ఎవరూ వెయ్యమనలేదు, ఆయనే వేసుకున్నారు. నాకైతే విసుగొచ్చిన మనిషి అలా వేస్తాడనిపించలేదు, వచ్చినా దాన్ని అలా తీర్చుకున్నారేమో మరి. కాబట్టి కుందేలు పబ్లిషర్ వాళ్ళదైనా వెనకాల వీధి నీదే కదే.

2020లో 96 ఏళ్ళకి పోయారు. పద్మశ్రీ ఆ తర్వాతేడు ఇచ్చారు, బతికుండగా ఇస్తే వాళ్ళ సొమ్మేం పోయేదో.

డబ్బుల సంగతి మాత్రం వేరు, అది గట్టిగానే అడుగు, మొహమాటపడకు. ఇంకోటి, మీ నాన్న నీ కుందేలు పుస్తకంలో ఎనిమిదో పేజీ చూసి కుందేలు తోక మర్చిపోయింది అంటున్నారు, నేను చొక్కా కింద ఉందని వాదిస్తున్నా, నిజమేంటో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

అమ్మ