ఘాట్ దిగే లారీకి గేరు వాలు మొదలు కాకముందే వేయాలి

సంపాదక మహాశయా,

ఘాట్‌లో లారీ బోల్తా పడితే 'బ్రేకులు ఫెయిల్ కావడంతో' అన్న ఒక్క మాటతో వార్త అయిపోతోంది. పొగ దారిని మూసి ఇంజనుతోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ లేని పాత లారీలు, ఉన్నా మసి పట్టి వాల్వు బిగుసుకుపోయిన లారీలు నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్‌లో, ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాట్‌లో లోడుతో దిగుతూనే ఉన్నాయి. వాటి బ్రేకులు ఉన్నట్టుండి పోవు. కాలి కాలి పట్టు వదులుతాయి. దిగుడులో పెద్ద బండి అదుపు తప్పితే ఎన్ని ప్రాణాలు పోతాయో 2018 సెప్టెంబర్ 11న కొండగట్టులో చూశాం. ఒక్క బస్సు, 60 మందికి పైగా.

లెక్క చూడండి. 20 మీటర్లకు ఒక మీటరు వాలున్న రోడ్డు మీద 2 కిలోమీటర్లు పోతే 100 మీటర్ల ఎత్తు దిగినట్టు. 25 టన్నుల బండిని అంత దూరం బ్రేకులే ఆపుకుంటూ వస్తే, ఆరు బ్రేకు డ్రమ్ములు (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెలు) సగటున 45 కిలోల చొప్పున ఉన్నాయనుకున్నా, ఒక్కోటి దాదాపు 200 డిగ్రీలు వేడెక్కుతుంది. గాలికి కొంత చల్లారుతుంది నిజమే, కానీ మొత్తం బరువు 25 టన్నుల దగ్గరే ఆగుతుందా? 410 మిల్లీమీటర్ల డ్రమ్ము 300 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం ఒక మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది. లోపలి నుంచి డ్రమ్మును ఒత్తే షూల మీది లైనర్లు దాన్ని అందుకోవడానికి ఇంకా ముందుకు జరగాలి. షూకూ డ్రమ్ముకూ మధ్య సందును సరిచేసే స్లాక్ అడ్జస్టర్ అప్పటికే లూజుగా ఉంటే, గాలి ఒత్తిడితో షూలను తోసే పుష్ రాడ్ తన దూరమంతా అక్కడే అయిపోగొట్టుకుంటుంది. గేజీలో గాలి ఒత్తిడి 7 కిలోలున్నా, పెడల్ అడుగు దాకా తొక్కినా బండి ఆగదు. హ్యాండ్ బ్రేక్ ఉంది కదా అనుకోవద్దు. స్ప్రింగు బ్రేకు బండిలో అది పట్టుకునేది కూడా అవే వెనక షూలను, అవే కాలిన డ్రమ్ములను.

అందుకే బండిని పట్టి ఉంచాల్సింది ఇంజను, బ్రేకు దానికి తోడు మాత్రమే. లోడుతో ఆ ఘాట్ ఏ గేరులో ఎక్కుతుందో అదే గేరులో దిగాలన్నది పాత బండ్లకు సరైన మాట. కొత్త బండ్లు ఎక్కేటప్పుడు పెద్ద గేరులోనే లాగేస్తాయి, వాటికి ఇంకో గేరు తగ్గించాలి. ఇది వాలు మొదలు కాకముందే చేయాలి. వేగం అందుకున్నాక గేరు తీస్తే కింది గేరు పడదు, ఉన్న గేరు తిరిగి పడదు, బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది.

డీజిల్ మిగులుతుందని కావాలనే న్యూట్రల్‌లో దింపేవాళ్లున్నారు. ఇది పూర్తిగా తప్పుడు లెక్క. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పంపు గవర్నరే డీజిల్ ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కు డీజిల్ కాలుతుంది. ఇంజను మెల్లగా తిరిగితే కంప్రెసర్ కూడా గాలి తక్కువ నింపుతుంది, అదీ బ్రేకుకు గాలి ఎక్కువ కావాల్సిన చోట.

బ్రేకు తొక్కే తీరు కూడా ముఖ్యం. కాలు మెల్లగా ఆనించి కిలోమీటర్ల కొద్దీ దిగితే అన్ని చక్రాలూ సమంగా పట్టవు, ముందు పట్టిన రెండు మూడు డ్రమ్ములే మొత్తం వేడిని మోస్తాయి. గేరుకు తగిన వేగం అనుకున్నాక, బండి దాన్ని చేరినప్పుడు గట్టిగా తొక్కి 8 నుంచి 10 కిలోమీటర్లు తగ్గించి పూర్తిగా వదిలేయాలి. మళ్లీ వేగం అందుకున్నప్పుడే తొక్కాలి. టపటపా కొట్టడం వద్దు, దానివల్ల ట్యాంకులో గాలి పోతుంది. గేజీ 5 కిలోల కిందికి వచ్చినా, లైనర్ కాలిన వాసన వచ్చినా చోటు చూసి ఆపాలి, టైర్ల కింద చెక్క దిమ్మలు పెట్టాలి. కాలిన డ్రమ్ము మీద నీళ్లు పోస్తే పగులుతుంది.

స్లాక్ అడ్జస్టర్లను చల్లటి డ్రమ్ముల మీదే సరిచేయాలి. షూ డ్రమ్ముకు తగిలేదాకా బిగించి పావు నుంచి అర చుట్టు వెనక్కి తిప్పాలి. వేడి మీద బిగిస్తే డ్రమ్ము చల్లారి కుంచించుకున్నాక షూ పట్టేసి మళ్లీ కాలుతుంది. ఎయిర్ ట్యాంకు నీళ్లు రోజూ తీయాలి.

ఇదంతా డ్రైవరు నెత్తిన వేసి ఊరుకుంటే అన్యాయం. 2018లో మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 25 నుంచి 28.5 టన్నులకు పెంచారు. పాత బండ్ల డ్రమ్ములు మాత్రం అవే. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. ఆ పరీక్షలో ఒక మనిషి పెడల్ తొక్కి, ఇంకొకరు కింద దూరి ప్రతి చక్రం పుష్ రాడ్ ఎంత కదిలిందో టేపుతో కొలవాలి. ఎగ్జాస్ట్ బ్రేక్ ఉన్న బండికి అది పనిచేయకపోతే సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ఘాట్ మీద, వాలు మొదలయ్యే ముందు, నాలుగైదు లారీలు ఆగేంత చోటు, వాలెంతో, ఎన్ని కిలోమీటర్లు దిగాలో తెలుగులోనూ హిందీలోనూ రాసిన పెద్ద బోర్డు కావాలి. మలుపులున్నాయని చెప్పే బోర్డు చూసి ఏ గేరు వేయాలో తెలియదు. రోడ్లు, రవాణా శాఖల వాళ్లు వానాకాలం లోపు కనీసం మహబూబ్ ఘాట్‌లో, కెరమెరిలో ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాం.

– హెవీ వాహనాల మెకానిక్‌లు, వరంగల్