ఏ దారిలో పోవచ్చో చెప్పండి, మిగతావి మూసేయండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ లేఖ అటవీ శాఖకు, రెవెన్యూ శాఖకు కూడా పంపుతున్నా. నేనడిగేది మూడు శాఖలూ ఒకచోట కూర్చుంటే తప్ప తేలేది కాదు, అలా ఎప్పుడూ కూర్చోలేదు కాబట్టే ఇన్నాళ్లూ తేలలేదు.

విషయం సూటిగా చెప్తా. ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే) బండ్లు ఉన్నవాళ్లం ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి బయల్దేరితే ఏ మట్టిదారిలో పోవచ్చో, ఎక్కడ అడుగు పెట్టకూడదో చెప్పే మ్యాప్ ఒకటి ప్రభుత్వం తరఫున బయటపెట్టండి. అంతే. రోడ్డు వేయమనడం లేదు, వేస్తే మాకు అక్కడ పనే ఉండదు. రిసార్టులు, జిప్‌లైన్లు, గుండె బొమ్మ పెట్టిన సెల్ఫీ పాయింట్లు ఏవీ అక్కర్లేదు.

ఇదివరకు ఈ ఆఫ్‌రోడింగ్ పిచ్చి కొద్దిమందికే ఉండేది. పాత విల్లీస్ జీపో, ఎంఎం 540నో, జిప్సీనో గ్యారేజీల చుట్టూ తిప్పి బాగుచేయించుకునేవాళ్లు, ఎక్కడికి పోయినా నాలుగు బండ్లు, ఊళ్లోవాళ్లు టీ పోసి పంపేవాళ్లు. 2020 అక్టోబర్‌లో కొత్త థార్ వచ్చింది, 2023లో జిమ్నీ వచ్చింది, 2024లో అయిదు తలుపుల థార్ రాక్స్ వచ్చింది, ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చూసినా ఒకటి కనిపిస్తుంది. (2023 నుంచి టూ వీల్ డ్రైవ్ థార్ కూడా అమ్ముతున్నారు. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు, వాగులో దిగాక తెలుస్తుంది, అప్పుడు ట్రాక్టర్ కోసం ఫోన్లు మొదలవుతాయి.) బండి కొన్నవాడు ఫోర్ బై ఫోర్ వేసే ఆ రెండో గేర్ లివర్ ఒక్కసారైనా వాడి చూడాలనుకుంటాడు కదా. ఎక్కడ వాడాలి? ఈ ప్రశ్నకు మన రాష్ట్రంలో ఏ ఆఫీసులోనూ జవాబు లేదు.

అందుకని అందరూ ఏం చేస్తున్నారంటే, వాట్సాప్‌లో ఎవరో పంపిన లొకేషన్ పట్టుకుని పోతున్నారు, లేదంటే రాత్రిపూట ఫోన్లో శాటిలైట్ మ్యాప్ తెరిచి ఎర్రమట్టి మధ్య సన్నటి తెల్ల గీత ఎక్కడుందా అని వెతుకుతున్నారు. ఆ గీత పాత ఎడ్లబండ్ల బాట కావచ్చు. ఎవరో రైతు తన బోరు దగ్గరికి సొంత పట్టా భూమిలో వేసుకున్న దారి కావచ్చు. అడవిలో మంటలు పాకకుండా అటవీ శాఖ చదును చేయించిన ఫైర్ లైన్ కూడా కావచ్చు. పైనుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. మొదటిదాంట్లో పోతే ఎవరూ ఏమీ అనరు, రెండోదాంట్లో పోతే రైతు కర్ర తీసుకుని వస్తాడు, వచ్చినా తప్పు లేదు, మూడోదాంట్లో పోతే కేసు. ఏ యాప్‌లోనూ ఇది రిజర్వ్ ఫారెస్టు, ఇది పంచాయతీ దారి అని రాసి ఉండదు, ఒకడు పోయి వచ్చి పెట్టిన గీతను వందమంది గుడ్డిగా ఫాలో అవుతారు.

పోనీ ముందే అడిగి పోదామని మేం ప్రయత్నించాం. ఒక జిల్లాలో ఒక గుట్ట చుట్టూ తిరిగే మట్టిదారి ఉంది, అది రిజర్వ్ లోపలా బయటా అని కాగితం మీద రాసి అడిగాం. కలెక్టరేట్‌లో తహసీల్దార్‌ని అడగమన్నారు. తహసీల్దార్ ఆఫీసులో గుట్ట అన్నారు కాబట్టి ఫారెస్టు వాళ్లనే అడగమన్నారు. ఫారెస్టు వాళ్లు మా హద్దు ఇక్కడిదాకే, ఆ పక్కది ఎవరిదో మాకేం తెలుసు అన్నారు. చివరికి ఆ బీట్‌లో తిరిగే వాచర్ ఒకాయన, నేల మీద పుల్లతో గీసి, ఇటు కందకం ఉంది చూడు, కందకం దాటితే మాది, దాటకపోతే ఊరిది, ఇటు గొర్రెలోళ్లు పోతుంటరు అని రెండు నిమిషాల్లో చెప్పేశాడు. ఆ పుల్ల గీతే మాకు కావలసిన మ్యాప్. దానికి ప్రభుత్వ ముద్ర పడాలి, అంతే.

ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే ఈ లేఖ చదివి వీళ్లు అడవుల్లోకి బండ్లు తోలతామంటున్నారని అనుకుంటారు. అడవి మాకొద్దు. 1967 అటవీ చట్టం ప్రకారం రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవడం నేరం, అలాగే ఉండాలి. అభయారణ్యాలకు 1972 వన్యప్రాణి చట్టం ఇంకా గట్టిది, అది ఇంకా గట్టిగా ఉండాలి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా పోయే శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు ఆపేస్తారు, దాని మీద గొణిగే స్నేహితులు నాకూ ఉన్నారు, వాళ్లతో నేను ఏకీభవించను. పులికి ఆ మాత్రం రాత్రి మిగలనివ్వాలి. కవ్వాల్ టైగర్ రిజర్వ్ కూడా అంతే, సఫారీ బండి ఎక్కి చూసి రావాలి తప్ప సొంత బండి వేసుకుని దూరకూడదు.

ఆ మధ్య వికారాబాద్ దగ్గర అనంతగిరిలో కార్లు, బైకులతో రేసులు, స్టంట్లు చేసిన గొడవ వార్తల్లో వచ్చింది. మాలో చాలామందికి అది చూసి ఒళ్లు మండింది. ఆఫ్‌రోడింగ్ అంటే స్పీడు కాదు మంత్రి గారూ, మనిషి నడిచే వేగంతో పోవడం. టైర్లలో గాలి 18, 20 పీఎస్ఐకి తగ్గించి, లో రేంజ్ (వేగం తక్కువ, బలం ఎక్కువ ఉండే గేర్) వేసి, ముందు ఒకడు దిగి నడుస్తూ ఏ చక్రం ఏ రాయి మీద పెట్టాలో చెయ్యి చూపిస్తుంటే, ఇంజన్ గురగురమంటూ మెల్లగా పాకడం. గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని నేలను పట్టుకుంటుంది, తవ్వదు. ఇది తెలియనివాడు గాలి నిండా ఉన్న టైర్లతో యాక్సిలేటర్ తొక్కి తొక్కి గుంత చేస్తాడు, తాను దిగబడతాడు, దారి కూడా పాడుచేస్తాడు. ఎవరో ఒకడు ఇలా చేసినందుకు ఒక ఊరి దగ్గర దారికి అడ్డంగా జేసీబీతో కాలువ తీయించారు. థార్లు ఆగాయి. ట్రాక్టర్లు కూడా ఆగాయి, రేపు రాత్రి ఎవరికైనా నొప్పులొస్తే 108 కూడా అక్కడే ఆగుతుంది.

ఇక దారులు ఎక్కడివి అంటే, కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. మన ఊళ్ల నక్షాల్లో బండ్ల బాటలు ఎప్పుడో గీసి ఉన్నాయి. నిజాం కాలం సర్వేలో గీసినవి, ఊరి నుంచి ఊరికి, ఊరి నుంచి చెరువుకు, పశువులు మేసే బంచరాయికి, గుట్టకు పోయే దారులు. ఎడ్లబండ్లు పోయాక వాటిలో చాలా మాయమయ్యాయి. ఏటా దున్నేటప్పుడు ఈ పక్క రైతు ఒక సాలు, ఆ పక్క రైతు ఒక సాలు కలుపుకుంటే ఇరవై ఏళ్లకు దారే ఉండదు, లోపల పొలం ఉన్నవాడు ఎరువు బస్తా నెత్తిన పెట్టుకుని పక్కవాడి గట్టు మీద పోవాలి, వాడు పోనివ్వడు, తహసీల్దార్ దగ్గర పంచాయితీ. భూ రికార్డులకు ధరణి పోయి 2025లో భూ భారతి వచ్చింది, నక్షాల గురించి మళ్లీ మాట్లాడుతున్నారు, నక్షా లేని ఊళ్లలో రీసర్వే అంటున్నారు. మంచిదే. అందరి భూములూ కొలుస్తున్నప్పుడు ఎవరిదీ కాని, అందరిదీ అయిన ఆ బాటలను కూడా కొలిచి, వాటి గీతలు ఆన్‌లైన్‌లో పెట్టండి. మాకు ఆదివారం పోవడానికి దారి దొరుకుతుంది, ఊరివాళ్లకు వారమంతా పోవడానికి దారి దొరుకుతుంది. బాటను కలుపుకున్నవాళ్లకు కోపం వస్తుంది, మీకు ఓట్ల టెన్షన్ ఉంటుంది, అది నాకూ తెలుసు. కానీ మ్యాప్ వేస్తే ఆ గొడవ కొత్తగా పుట్టదు, ఉన్నది బయటపడుతుంది, అంతే.

బాటలు కాక ఇంకొకటి ఉంది, అది నాకు బాగా ఇష్టమైనది. తాండూరు వైపు నాపరాయి తీసి వదిలేసిన క్వారీలు. మెట్లు మెట్లుగా తెగిన రాయి, పక్కన వ్యర్థం బండల గుట్టలు, చెట్టూ లేదు పంటా లేదు. బండి నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు, ఎక్కడం, దిగడం, ఒక చక్రం గాలిలో ఉండగా బ్యాలెన్స్ చేయడం అన్నీ అక్కడే అవుతాయి. మహీంద్రా వాళ్లు మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ట్రైనింగ్ అకాడమీ పెట్టారు, మనవాళ్లు సెలవులు పెట్టుకుని అక్కడిదాకా పోయి నేర్చుకుని వస్తున్నారు, పక్కనే తాండూరులో ఇంత నేల ఖాళీగా పడి ఉంది. నీళ్లు నిండిన పాత క్వారీ గుంతల్లో పడి చనిపోయిన పిల్లల వార్తలు వేసవిలో చదువుతూనే ఉంటాం. ఒక్క క్వారీకి కంచె వేసి, నీటి గుంతలు వేరు చేసి, గనుల శాఖ నుంచి తీసుకుని ట్రైనింగ్ గ్రౌండ్ చేయండి, దానికి ఎంట్రీ ఫీజు మేమే కడతాం.

వద్దనాల్సిన చోట్లు కూడా గట్టిగా వద్దనండి, అది కూడా మ్యాప్‌లో ఎర్రగా చూపించండి. ఉదాహరణకు ఎండాకాలంలో చెరువు శిఖాలు, అంటే నీళ్లు నిలిచే నేల. నీళ్లు తగ్గాక గండిపేట, హిమాయత్ సాగర్ అంచుల్లోకి బండ్లు దించి చక్కర్లు కొట్టేవాళ్లున్నారు. అవి తాగునీటి చెరువులు, చుట్టూ నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో వాటి కోసమే వచ్చింది, పైగా ఆ రోజుల్లోనే తీతువు పిట్టలు గూడు కూడా కట్టకుండా ఉత్త నేల మీద, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడతాయి, డ్రైవర్ సీట్లోంచి చూస్తే రాయికీ గుడ్డుకూ తేడా తెలియదు. ఇంకొకటి రేగడి నేలలు. తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగడి బాటలను వానాకాలం నాలుగు నెలలూ మాకు మూసేయండి. తడి రేగడిలో ఒక్క బండి పోతే లోతుగా రెండు గాడులు పడతాయి, తర్వాతి వానకు నీళ్లు ఆ గాడుల వెంటే పారి మట్టిని కోసుకుపోతాయి, రెండేళ్లలో బాట కాస్తా వాగు అవుతుంది. చల్క నేలల్లో, మొరం గుట్టల్లో ఆ ఇబ్బంది తక్కువ. ఈ మాటకు మా గ్రూపులోనే నన్ను తిడతారు, ఎందుకంటే బురద అంటే ప్రాణం ఇచ్చేవాళ్లు సగంమంది ఉన్నారు.

ఇలాంటి మ్యాప్ ఊహల్లో మాట కాదు. అమెరికాలో అటవీ శాఖ 2005లో ఒక నియమం పెట్టింది, ప్రతి జాతీయ అడవికీ ఒక మ్యాప్ వేసి ఉచితంగా ఇవ్వాలి, ఏ దారిలో ఏ రకం బండి, ఏ నెల నుంచి ఏ నెల దాకా పోవచ్చో అందులో ఉండాలి, మ్యాప్‌లో లేని దారి మూసి ఉన్నట్టే. కొలరాడోలో, కాలిఫోర్నియాలో ఉన్న మన తెలుగువాళ్లు వీకెండ్‌లో ఆ మ్యాప్ పట్టుకునే తిరుగుతారు. అంత దూరం ఎందుకు, పక్కన కర్ణాటకలో కొండల మీద ట్రెక్కింగ్‌కు జనం విరగబడితే 2024లో కొన్నాళ్లు ఆపేసి, రోజుకు ఇంతమందే అని ఆన్‌లైన్ బుకింగ్ పెట్టారు. శ్రీశైలం అడవిలో ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి రాళ్ల దారిలో అక్కడి జీపుల్లోనే పోవాలి, మారేడుమిల్లి దగ్గర గుడిస కొండ ఎక్కించేదీ అక్కడి జీపులవాళ్లే. ఆ డ్రైవర్ల పనితనం చూస్తే మా ఖరీదైన బండ్లు, టైర్లు, రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్లు అన్నీ పక్కన పెట్టేయాలనిపిస్తుంది.

అనుమతుల సంగతి వదిలేస్తే ఏమవుతుందో కేరళలో చూశాం. 2025 జూలైలో మున్నార్ దగ్గర జీపు లోయలో పడ్డాక ఇడుక్కి జిల్లాలో జీపు సఫారీలన్నీ ఒక్కసారిగా ఆపేశారు, ఆ జీపుల మీదే బతికేవాళ్లు రోడ్డున పడ్డారు. ముందే బండ్ల ఫిట్‌నెస్ చూసి, దారులు ఖరారు చేసి ఉంటే అంతదాకా వచ్చేది కాదేమో. మన దగ్గరా ఎప్పుడో ఒకరోజు ఎవరో బోల్తా కొడతారు, అప్పుడు టీవీలో చర్చ పెట్టి అన్నీ నిషేధిస్తారు, ఆ రోజు రాకముందే రాస్తున్నా.

మా మీద ఏ షరతులైనా పెట్టండి. రెండు బండ్లకు తక్కువ అయితే పోనివ్వకండి, లాగడానికి తాడు, దాన్ని బండికి తగిలించే షాకిల్, గాలి పంపు లేనివాణ్ని గేటు దగ్గరే ఆపండి, మందు తాగినవాణ్ని, డీజే స్పీకర్లు కట్టుకొచ్చినవాణ్ని బండితో సహా స్టేషన్‌కు పంపండి. ఫీజు పెడితే అది హైదరాబాద్‌కు రాకుండా ఆ గ్రామ పంచాయతీ ఖాతాలోనే పడాలి, దారి చూపించడానికి ఊళ్లో కుర్రాడికి రోజు కూలీ ఇవ్వాలి. మేం లేపిన దుమ్ము తినేది వాళ్లే కాబట్టి డబ్బు కూడా వాళ్లకే అందాలి. ఏ ఊరి గ్రామసభ అయినా మాకొద్దు అంటే ఆ ఊరు మ్యాప్‌లోంచి తీసేయండి, బతిమాలడాలు ఉండకూడదు.

మీ 2025-30 పర్యాటక విధానం గురించి చాలా విన్నాం. రాష్ట్రమంతా ఒక్కసారే చేయమనను. వికారాబాద్ జిల్లా ఒక్కటి తీసుకోండి, హైదరాబాద్ నుంచి రెండు గంటల దారి, అడవి, రేగడి, మొరం, క్వారీ అన్నీ ఒకేచోట ఉన్నాయి. అడవి బయట ఉన్న బాటలు పది తేల్చి పెట్టినా చాలు, యాప్ కూడా అక్కర్లేదు, పీడీఎఫ్ అయినా సరే. దసరా నాటికి వానలు తగ్గి నేల గట్టిపడుతుంది, సర్వేయర్‌ని, బీట్ ఆఫీసర్‌ని, పంచాయతీ కార్యదర్శిని ఒక వారం కేటాయించండి. వాళ్లను తిప్పడానికి బండ్లు మావి, పెట్రోలు మాది, మధ్యాహ్నం భోజనం కూడా మాదే.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక పాత జిప్సీ ఓనర్