అగ్నిమాపక విభాగాల విలీనం: నిధులు ముందే ఇవ్వాలి

సంపాదకులకు,

పక్కపక్కనే ఉన్న రెండు మూడు ఊళ్ల అగ్నిమాపక విభాగాలు వేరు కుంపట్లు మాని ఒక్కటైతే ప్రభుత్వం ప్రోత్సాహక నిధి (విలీన నిధి) ఇస్తామనడం మంచి విధానమే. ఒక ఊళ్లో మనుషులు చాలరు. ఇంకో ఊళ్లో ఫైరింజన్ పాతబడింది. మూడో ఊళ్లో రెండూ ఉన్నా రాత్రి డ్యూటీకి డ్రైవరు దొరకడు. అలాంటి చోట కలవడం తప్ప దారి లేదు. చిక్కంతా ఆ డబ్బు ఇచ్చే పద్ధతిలో ఉంది. ముందు కలిసిపొమ్మంటారు, ఖర్చుపెట్టి బిల్లులు పంపితే తర్వాత చెల్లిస్తామంటారు. ఈలోగా ‘ఇప్పుడున్నది ఒక్క విభాగమే కదా’ అని ఏటా వచ్చే గ్రాంటుకు కోత పెడతారు. కొత్తగా ఏర్పడిన విభాగం మొదటి ఏడాదే అప్పులపాలవడానికి ఈ రెండూ చాలు.

విలీనంతో ఖర్చు తగ్గే మాట నిజమే గానీ, అది వెంటనే తగ్గదు. మూడు విభాగాలు తలా ఒక స్పేర్ బండి పెట్టుకునే చోట కలిశాక రెండు సరిపోతాయి. స్టోరు ఒకటవుతుంది, కొనుగోళ్లు కలుస్తాయి, పై అధికారుల పోస్టులు తగ్గుతాయి. కానీ ఆ అధికారి రిటైరయ్యేదాకా, ఆ బండి అమ్ముడయ్యేదాకా మిగులు కనిపించదు. పెరిగే ఖర్చు మాత్రం మొదటి నెల నుంచే పెరుగుతుంది. ఒకే పని చేసే ఇద్దరికి రెండు జీతాలు ఇవ్వలేరు కనుక, తక్కువ జీతమున్న ఊరివాళ్లను ఎక్కువ జీతమున్న ఊరి స్కేలుకు తీసుకురావాలి. విభాగాల బడ్జెట్‌లో పెద్ద పద్దు జీతాలే. మిగులు ఆలస్యంగా, భారం ముందుగా వచ్చే ఈ మధ్యకాలాన్ని దాటించడానికే విలీన నిధి ఉండాలి.

దానిలో తొలి ఖర్చు దేనికి పెట్టాలో అడిగితే మా జవాబు నీళ్లు కొట్టే గొట్టాలైన హోసులకు, వాటిని బిగించే కప్లింగులకు అని. 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ నగరం సుమారు 30 గంటలు తగలబడింది, 1,500కు పైగా భవనాలు పోయాయి. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నుంచి సాయం వచ్చింది. వచ్చినవాళ్లలో చాలామంది హోసులు ఆ ఊరి హైడ్రెంట్లకు (వీధుల్లో మంటలార్పే నీటి కొళాయిలకు) పట్టలేదు, మరచుట్లు వేరు. రెండున్నర అంగుళాల కప్లింగుకు అంగుళానికి ఏడున్నర మరచుట్లు అన్న ప్రమాణం అమెరికాలో బలపడింది ఆ తర్వాతే. ఇవాళ్టికీ కొన్నిచోట్ల మరచుట్ల కప్లింగులున్నాయి, కొన్నిచోట్ల నెట్టితే పట్టుకునే ఇన్‌స్టంటేనియస్ రకం, ఇంకొన్నిచోట్ల ఆడ మగ తేడా లేకుండా తిప్పి బిగించే స్టోర్జ్ రకం. అడాప్టర్లు కొంటే సరిపోతుందని ఆఫీసులో అనిపిస్తుంది. చీకట్లో, నీళ్లలో, పొగలో మొదట పోయేది అడాప్టరే. అది తాత్కాలిక ఏర్పాటు మాత్రమే, అదైనా ప్రతి బండిలో అటునుంచి ఇటుకు రెండు, ఇటునుంచి అటుకు రెండు ఉండాలి. అసలు పని వేరు. ఉన్న హోసులన్నిటికీ ప్రెషర్ టెస్ట్ చేసి, కారేవాటిని పక్కన పడేసి, నిలిచినవాటికి ఒకే రకం కప్లింగులు కట్టించి, కట్టినచోట జారుతోందేమో మళ్లీ టెస్ట్ చేయాలి. ఈ రెండో టెస్ట్ మానేస్తే హోస్ బాగానే ఉన్నా నీళ్లు వదలగానే కప్లింగ్ ఊడి వచ్చి మనిషిని కొడుతుంది.

రెండోది పొగలోకి వెళ్లేవాళ్లు వాడే గాలి సిలిండర్, మాస్కు ఉన్న బ్రీతింగ్ సెట్లు. ఒక విభాగంలో 6 లీటర్ల సిలిండర్‌ను 300 బార్‌ పీడనానికి, ఇంకో విభాగంలో అదే 6 లీటర్లది 200 బార్‌కు నింపుతారనుకుందాం. కాగితం లెక్కన మొదటిదాంట్లో 1,800 లీటర్ల గాలి, రెండోదాంట్లో 1,200. బయటికి రావడానికి 50 బార్, అంటే 300 లీటర్లు, ముట్టుకోకుండా ఉంచాలి. బరువు మోస్తూ మెట్లెక్కే మనిషి నిమిషానికి 60 లీటర్లు పీలిస్తే మొదటివాడికి 25 నిమిషాలు, రెండోవాడికి 15. ఇద్దరూ జంటగా లోపలికి వెళ్తే, బయట లోపలివాళ్ల సమయం లెక్కచూసే కంట్రోల్ బోర్డు పట్టుకున్నవాడు ఏ పట్టిక చూసి వెనక్కి పిలవాలి? తక్కువ గాలి ఉన్నవాడి సమయమే జంటకు సమయం. ఆ నియమం విలీనం రోజుకే నోటికి వచ్చి ఉండాలి. పైగా ఒక కంపెనీ మాస్కు ఇంకో కంపెనీ డిమాండ్ వాల్వుకు (పీల్చినప్పుడు గాలి వదిలే వాల్వుకు) సాధారణంగా పట్టదు. లోపల తోటివాడికి గాలి అయిపోతే తనది ఇవ్వబోయి ఇవ్వలేని పరిస్థితి అది. సెట్లన్నీ ఒకే రకానికి మార్చి, ప్రతి మనిషి ముఖానికీ మాస్కు అతుకుతోందో లేదో విడిగా పరీక్షించే డబ్బు, రోజులు రెండూ లెక్కలో ఉండాలి. బండికి కొత్త రంగు, గేటుకు కొత్త బోర్డు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

కంట్రోల్ రూమ్‌లో అడ్రసుల డేటా దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. మూడు ఊళ్లలోనూ స్టేషన్ రోడ్డు ఉంటుంది, మూడింటిలోనూ ‘ఇంజన్ 1’ ఉంటుంది. ఫోన్ చేసినవాళ్లు కంగారులో ఊరి పేరు చెప్పరు. అందుకే వీధుల జాబితా ఊరివారీగా సరిచూసి, బండ్లకు కొత్త నంబర్లిచ్చి, కొన్ని వారాలపాటు పాత రేడియో, కొత్త రేడియో రెండూ బండిలో నడపాలి. రెండు రేడియోలుంటే బండి బ్యాటరీ మీద భారం పెరుగుతుంది. స్టేషన్‌లో నిలిపి ఉన్నప్పుడు ఛార్జింగ్‌లో పెట్టకపోతే కాల్ వచ్చాక ఇంజన్ స్టార్ట్ కాదు.

ఈ పని పైనుంచి రుద్దితే ఏమవుతుందో ఇంగ్లండ్‌లో చూశారు. 46 స్థానిక కంట్రోల్ రూములను 9 ప్రాంతీయ కేంద్రాలుగా మార్చే ఫైర్‌కంట్రోల్ పథకాన్ని 2004లో మొదలుపెట్టి 2010 డిసెంబరులో ఎత్తేశారు. కనీసం 46.9 కోట్ల పౌండ్లు వృథా అయ్యాయని అక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీసు తేల్చింది. భవనాలు లేచాయి, వాటిలో పనిచేయాల్సిన కంప్యూటర్ వ్యవస్థ మాత్రం అక్కరకు రాలేదు. దాన్ని వాడాల్సిన స్థానిక సర్వీసులకు అందులో చెప్పుకోదగ్గ పాత్రే లేకపోయింది. విలీన నిధిని విభాగాల చేతుల మీదుగా, వాళ్లు సంతకం చేసిన జాబితా ప్రకారం ఖర్చుపెట్టించాలనేది అందుకే.

చట్టం ముసాయిదాలో ఒక్క వాక్యం తప్పినా నిధికి గండి పడుతుంది. స్కాట్లండ్‌లో 2013 ఏప్రిల్ 1న ఎనిమిది సర్వీసులు ఒక్కటయ్యాయి. స్థానిక సంస్థల కింద ఉన్నప్పుడు కొనుగోళ్ల మీద కట్టిన వ్యాట్ పన్ను తిరిగి వచ్చేది. జాతీయ సంస్థ అయ్యేసరికి ఆ హక్కు పోయింది, 2018లో నిబంధన మార్చేదాకా ఆ భారం మోయాల్సి వచ్చింది. అక్కడ మండే మంట మారలేదు, బండ్లూ మారలేదు. మారింది సంస్థ హోదా ఒక్కటే. విలీనానికి ముందే పన్నులు, ఇన్సూరెన్స్, పింఛన్లు, స్థలాల దస్తావేజులు, దాతలు షరతులతో ఇచ్చిన ఆస్తులు ఒక్కొక్కటిగా చూడడానికి న్యాయవాదికి, ఆడిటరుకు అయ్యే ఖర్చును కూడా నిధిలోంచే ఇవ్వాలి.

ఏటా వచ్చే గ్రాంటు విషయానికొస్తే, విభాగానికి ఇంత అని సమానంగా పంచే చోట ముగ్గురు కలిస్తే మూడు వాటాలు ఒక్కటవుతాయి. కలవకపోవడమే లాభమని ఎవరికైనా అర్థమవుతుంది. పెన్సిల్వేనియా రాష్ట్రం దీనికి ఒక దారి చూపింది. కలిసిన వాలంటీరు ఫైర్ కంపెనీలకు, అవి విడివిడిగా ఉంటే మొత్తం ఎంత వచ్చేదో ఆ మేరకు గ్రాంటు ఇచ్చే వీలు చట్టంలో పెట్టింది. అలాంటి రక్షణ కనీసం ఐదేళ్లు ఉండాలి. ఆ తర్వాత కూడా ఒకేసారి కోసేయకుండా ఏడాదికి పావు చొప్పున తగ్గించాలి. అగ్నిమాపక పన్ను ఊరికో రేటు ఉన్నచోట కూడా ఇదే పద్ధతి నయం. తక్కువ రేటు ఊరివాళ్ల మీద తేడా అంతా ఒకేసారి వేస్తే మరుసటి ఎన్నికల్లో విలీనమే రద్దవుతుంది.

విలీన నిధితో కొత్త ఉద్యోగాలు వేయడం మాత్రం వద్దు. అమెరికాలో అగ్నిమాపక సిబ్బందిని పెట్టుకోవడానికి కేంద్రం ఇచ్చే సేఫర్ గ్రాంటు మూడేళ్లు జీతాలిస్తుంది, నాలుగో ఏడు ఆ జీతం ఊరి నెత్తిన పడుతుంది. అప్పటికి సొంత ఆదాయం చూసుకోని చోట తొలగింపులే గతి. ఒక్కసారి వచ్చే డబ్బును ఒక్కసారి అయ్యే ఖర్చుకే పెట్టాలి.

ఇంకో సంగతి బయటికి పెద్దగా రాదు. విలీనం ఖాయమని తెలియగానే కొన్ని విభాగాలు ఉన్న నిల్వలన్నీ ఊడ్చి తమ ఊరికి కొత్త బండి కొనేస్తాయి, అప్పు మాత్రం ఉమ్మడి ఖాతాకు వస్తుంది. ఒప్పందంలో ఒక తేదీ రాసుకుని, ఆ రోజు నుంచి పెద్ద కొనుగోళ్లకు, జీతాల పెంపుకు అన్ని విభాగాల సంతకం కావాలనే షరతు పెడితే ఇది ఆగుతుంది. అదే తేదీకి ప్రతి బండి వయసు, పంపు టెస్ట్ ఫలితం, మిగిలిన అప్పు జాబితాకెక్కాలి.

నిధి విడుదల ఇలా ఉంటే బాగుంటుంది: ఒప్పందం మీద సంతకాలు కాగానే సగం, అది హోసులు, బ్రీతింగ్ సెట్లు, రేడియోలు, అడ్రసుల డేటాకే. విలీనమయ్యే స్టేషన్లన్నీ కలిసి పగలొకటి, రాత్రొకటి ఉమ్మడి డ్రిల్ చేసి, ఒకరి బండి నుంచి ఇంకొకరి హోస్‌తో నీళ్లు కొట్టి చూపించాక మరో పావు. రెండేళ్ల ఆడిట్ అయ్యాక మిగతాది. ఆ రెండేళ్లలో ఏ స్టేషన్ మూసినా, కాల్ నుంచి మొదటి బండి చేరేదాకా పట్టే సమయం పాతదానికంటే పెరిగినా, చివరి వాయిదా ఆపేయాలి.

ఇట్లు,
అగ్నిమాపక సేవల నిర్వహణ తెలిసిన కొందరు పాఠకులు